పాస్‌వర్డులను దాచుటెట్లు?

మా పాఠశాలలో సర్వర్లు నాలుగు కలవు. మార్కుల పట్టికల కొకటి, గ్రంథాలయమున కొకటి, వెబ్‌సైటున కొకటి, వీని యన్నిటి నకళ్లను దాచుట కొకటి. వీనికి తెర లేదు, మౌసు లేదు. దూరమునుండి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించి కమాండులు వ్రాసియే పని జరుపవలెను. కావున పాస్‌వర్డులను భద్రపఱచు సాధనముగూడ కమాండ్ లైనునుండి నడచునదియే కావలసివచ్చినది. ఏది మేలని మాలో చాలకాలము వాదము జరిగినది. మేము కుదుర్చుకొన్న యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా మా తప్పు నొప్పుకొనెదము. నిరుటివఱకు పాస్‌వర్డు లన్నియు నొక సాదా ఫైలులో నుండెను. దాని నకళ్లు నాలుగు సర్వర్లలోను గలవు. ఒకటి మఱియొకదానితో సరిపోలదు. అంతకంటె చెడ్డది, పాస్‌వర్డును కమాండుతోపాటు ఒకే పంక్తిలో వ్రాయు నలవాటు. అట్లు వ్రాసినది బాష్ చరిత్ర ఫైలులో నిలిచిపోవును. ఆ కమాండు నడచుచుండగా తక్కిన వాడుకరులకు 'పీయెస్' పట్టికలోను కనబడవచ్చును. ఒక విద్యార్థి దానిని చదివి మాకు చూపెను. మంచివాడు గనుక చూపెను.

కీపాస్‌ఎక్స్‌సీ మంచి సాధనమే. కమాండ్ లైనునుండియు నడచును. కాని సర్వస్వము నొకే ఫైలులో నుంచును. ఇద్దఱు రెండుచోట్ల మార్పులు చేసినచో వానిని కలుపు పని మనమే చేయవలెను. బిట్‌వార్డెన్ తన ఖజానాను వేఱొక సర్వరులో నుంచును. నాలుగింటిని కాయుటకు అయిదవదానిని పోషించుట మాకు సమ్మతము గాదు.

మే మెన్నుకొన్నది 'పాస్'. 2012లో జేసన్ డోనెన్‌ఫెల్డ్ వ్రాసిన చిన్న బాష్ స్క్రిప్టు ఇది. ప్రతి పాస్‌వర్డు నొక ఫైలు. దానికి తాళము వేయునది గ్నూపీజీ. చోటునుండి చోటికి మోయునది గిట్. రేపు పాస్ అను ప్రోగ్రామే లేకపోయినను జీపీజీ కమాండుతో ప్రతి ఫైలును తెఱవవచ్చును. ఈ యొక్క గుణమే మా వాదమును ముగించినది.

లోపము లేకపోలేదు. లోపలి పాస్‌వర్డు దాగునుగాని ఫైలుపేరు దాగదు. 2022లో లాస్ట్‌పాస్ ఖజానాల నకళ్లు దొంగిలింపబడినప్పుడు, తాళము లేక బయటనున్న వెబ్‌సైటు చిరునామాలు దొంగలకు తెలిసిపోయినవి. కావున మేము ఫైళ్లకు అర్థము తెలియని పేర్లు పెట్టితిమి.

ఇక అసలు చిక్కు సాధనములో లేదు, తాళపుచెవిలో గలదు. సౌకర్యముకొఱకు తమ రహస్యపు తాళపుచెవిని ప్రతి సర్వరునకును నకలు చేయువారు కలరు. మాలోను ఒకరిద్దఱు దానినే కోరిరి. అట్లు చేసినచో వెబ్‌సైటు సర్వరు పడిపోయిననాడు మార్కుల పట్టికలుకూడ పడిపోవును. మా పద్ధతి వేఱు. ప్రతి సర్వరునకు దాని తాళపుచెవి దానికే. పాస్‌లో ఏ ఫోల్డరును ఎవరు తెఱవవచ్చునో ఆ ఫోల్డరులోని '.జీపీజీ-ఐడీ' ఫైలు చెప్పును. గ్రంథాలయపు సర్వరు తన ఫోల్డరును మాత్రమే చదువగలదు. నకళ్ల సర్వరునకు తాళపుచెవియే లేదు. అది చదువలేని మూటను మోయును, అంతే.

మఱియొక మాట. సర్వర్లను చూచు పదవతరగతి విద్యార్థులు ఏటేట వెడలిపోవుదురు. వారి తాళపుచెవిని తొలగించి ఫైళ్లకు మరల తాళము వేసినంతమాత్రమున చాలునని మేమును తలంచితిమి. చాలదు. వారియొద్ద నున్న గిట్ చరిత్రలోని పాత ఫైళ్లు పాత తాళపుచెవితో నింకను తెఱచుకొనును. వారిని అనుమానించుట గాదు. వారి ల్యాప్‌టాపు ఎవరి చేత పడునో యెవరికెఱుక? కావున పాస్‌వర్డులనే మార్చవలెను. ఈ యేడు పదునొకండు మార్చితిమి. రెండు సాయంకాలములు పట్టినది. మా తాళపుచెవి నకలొకటి ముద్రవేసిన కవరులో ప్రధానోపాధ్యాయులవారి ఇనుపపెట్టెలో నున్నది.