అతుకు వేసే చేతిది ఏ కులం?

కంప్యూటరుకు కులం లేదంటున్నారు. నిజమే. బావికి కూడా లేదు. నీళ్లకూ లేదు. బావి గట్టు మీద నిలబడ్డవాడికి ఉంది.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన్నాటికి కొండాపూర్ ఒక ఊరు. ఇవాళ అద్దాల మేడల మధ్య ఇరుక్కున్న పేరు. నేను పాఠాలు చెప్పే సర్కారు బడి ఆ మేడల నీడలోనే ఉంది. మా పిల్లల తల్లిదండ్రులు ఆ మేడలకు ఇటుక మోసినోళ్లు, ఇప్పుడు అదే మేడల్లో నేల తుడిచేటోళ్లు, గేటు కాడ నిలబడేటోళ్లు. శనివారం నాడు ఆ మేడల్లోంచి కొందరు సార్లు బడికొచ్చి పిల్లలకు కోడింగ్ చెప్తారు. 'ఓపెన్ సోర్స్‌లో కులం లేదు, పనితనమే కులం' అని చెప్పిపోతారు. ఆ మాటకే ఈ జవాబు.

నేను మాదిగోన్ని. మాది మెదక్ జిల్లా. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటోన్ని. మా నాయిన ఆరె, రంపె పట్టినోడు. మా తాత దొర మోటకు తొండం కుట్టినోడు. ఈ కాలం పిల్లలకు మోట తెల్వదు, అందుకే చెప్తున్న. బావిలోంచి ఎడ్లు గుంజే పెద్ద బొక్కెన అడుగున తోలు తొండం ఉంటది. బొక్కెన పైకొచ్చాక ఆ తొండంలోంచే నీళ్లు కాల్వలో పడతయి. తొండం చినిగితే సగం నీళ్లు మళ్ల బావిలకే. చినిగిన్నాడల్లా మా తాతకు కబురొచ్చేది. అర్ధరాత్రైనా పోవాలె. కుట్టినందుకు కోతలప్పుడు ఇన్ని గింజలు, మిగిలిందంతా వెట్టి. దప్పికైతే మాత్రం ఆ బావిల చెయ్యి పెట్టొద్దు. పైనుంచి ఎవరన్నా పోస్తే దోసిలి పట్టాలె.

ఇప్పుడు కంప్యూటరు మోట సంగతి. ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రానికి ఫైళ్లు తోడిపోసే కోడ్ ఉంటుంది. దాన్ని లైబ్రరీ అంటారు. ఒకరు రాసి బయట పెడితే వేలమంది తమ ప్రోగ్రాముల్లో పెట్టుకుంటారు. ఫైళ్లు ఎట్లా పోవాలో చెప్పే ఎఫ్‌టీపీ నియమాన్ని 1971లో మొదట రాసింది మనదేశపోడే, అభయ్ భూషణ్. కాన్పూర్ ఐఐటీలో చదివి అమెరికా ఎంఐటీకి పోయినాయన. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ వచ్చింది 1973లో. ఆయన నియమం రాసిన్నాడు మా తాత తొండం కుడుతున్నడు. మా తాత వేళ్లలో పనితనం తక్కువై కాదు, గేటు మూసి ఉంది కాబట్టి.

ఇక నా పని. మా బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లకు చెదలు పడుతుంటే స్కాన్ చేయడం మొదలుపెట్టిన. అవి ఉత్త కాయితాలు కావు. కుల సర్టిఫికెట్ కావాలంటే మనోడికి ఆ రిజిస్టర్ల ఒక్క వరుసే సాక్ష్యం. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టి, ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీతో వేరే యంత్రానికి పంపిన. నలభై ఏండ్ల రిజిస్టర్లు పంపితే అక్కడ ఒక్క ఫైలే మిగిలింది.

ఎందుకు? ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు, గుణింతపు గుర్తు ఇంకో మూడు. 'దాఖలా 1974' అన్న పేరులో పది గుర్తులున్నాయి, ఇరవై బైట్లున్నాయి. లైబ్రరీ గుర్తులు లెక్కపెట్టి, పది బైట్లే పంపి చేతులు దులుపుకుంది. ఏడాది అంకె తెగిపోయింది. అన్ని ఏండ్లదీ ఒకే పేరైంది. ఒకదాని మీద ఒకటి పడి, వెనకది ముందుదాన్ని తుడిచేసింది. రాసినాయన ఊహలో ఇంగ్లిష్ తప్ప వేరే అక్షరం లేదు. నీ అక్షరం లెక్కలోకి రాకుంటే నీ చరిత్ర ఎట్లా చెరిగిపోతదో నాకు ఆ కోడే చూపించింది.

దాన్ని బాగుచేసిన. గుర్తులు కాదు బైట్లు లెక్కపెట్టమని మార్చిన. లైబ్రరీ చూసుకునే విదేశీయుడు 'నిరూపించే పరీక్ష కూడా రాయి' అన్నడు. తెలుగు పేరుతోనే పరీక్ష రాసిచ్చిన. తర్వాత ఇంకో సదుపాయం చేర్చిన. నెట్ తెగితే ఫైలు మళ్ల మొదట్నుంచి పోకుండా, అవతలి యంత్రాన్ని ఎంతవరకు అందిందో అడిగి అక్కడ్నుంచే అందుకునేటట్టు. రెండూ తీసుకున్నరు. నా కులం అడగలేదు. అది కూడా నిజమే.

'చూశావా, కులం లేదు కదా' అంటారు సార్లు. అయ్యా, ఆ గట్టు దాకా నడిచొచ్చిన దూరం ఎవరు కొలవాలె? తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ కూడబలుక్కొని, వాయిదాల మీద లాప్‌టాప్ కొని, రాత్రి పన్నెండు దాటాక కూర్చున్న గంటల లెక్క మీ పనితనంలో ఎక్కడుంది?

ఇంకో మాట. ఇప్పుడు ఉద్యోగమియ్యాలంటే 'ఓపెన్ సోర్స్‌లో ఏం చేశావు' అని అడిగే కంపెనీలున్నాయి. నాయిన జీతం మీద రెండేండ్లు ఉత్తపుణ్యానికి పనిచేసే పిల్లగాడు జవాబు చెప్తడు. రాత్రిపూట అన్నం పొట్లాలు మోసే మా పిల్లగాడు ఏం చెప్తడు? స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బెర్గ్ అనే ఆయన 1998 నుంచి కర్ల్ అనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ కోడ్ నడుపుతున్నడు. ప్రపంచంలో అది లేని ఫోను దొరకడం కష్టం. 2022 జనవరిలో ఒక పెద్ద కంపెనీ ఆయనకు పైసా ఇవ్వకుండానే, మా ప్రశ్నలకు 24 గంటల్లో జవాబియ్యాలని ఉత్తరం రాసింది. ఒప్పందం చేసుకోండి, చెప్తానన్నడాయన. అక్కడే ఉంది తేడా. కాదనగలిగితే అది దానం. కాదనే వీలు లేకుంటే అది వెట్టి. మా తాత దొరకు ఆ మాట చెప్తే వీపు పగిలేది. బువ్వ కోసం చేయక తప్పని ఉచిత పనికి ఇంగ్లిష్ పేరు పెడితే వెట్టి కాకుండా పోదు.

కోడు ప్రపంచానికి సిగ్గు లేదనను. నల్లజాతి మనిషిని గుర్తుచేసే యజమాని, బానిస అన్న మాటలను 2018లో పైథాన్ కోడులోంచి చాలాచోట్ల తీసేశారు. 2020లో గిట్‌హబ్ 'మాస్టర్'ను 'మెయిన్' చేసింది. మంచిదే. అదే 2020లో దళిత ఇంజనీరు మీద కుల వివక్ష చూపారని కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో మీద కేసు వేసింది. కంపెనీ ఒప్పుకోలేదు. ఇద్దరు పై అధికారుల మీద కేసును 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద మాత్రం వదల్లేదు. అదే ఏడు సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, కాలిఫోర్నియా గవర్నరు మాత్రం అట్లాంటి బిల్లును తిప్పిపంపిండు. సముద్రం దాటినా కులం దాటలేదనేగా ఈ గొడవంతా? మాటలు మార్చినోళ్లు మనుషుల మధ్య గోడ మాటెత్తితే ఎందుకు నీళ్లు నములుతున్నరు?

ఇప్పుడు మనోళ్లతో. 'భూమి సంగతి చూడక ఈ సాఫ్ట్‌వేర్ ఏంది అన్నా' అని ఉద్యమ మిత్రులు కొందరంటున్నరు. తమ్మీ, భూమి పాసుబుక్కు ఇప్పుడు కంప్యూటర్ల ఉంది. రేషను, స్కాలర్‌షిప్పు, కుల సర్టిఫికెట్ అన్నీ అండ్లనే. ఆ కోడు చదవనోడు రేపు తన పేరు ఎక్కడ తెగిందో కూడా తెలుసుకోలేడు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చెరువుకు పోయిండు. ఆ చెరువు అందరిదని అప్పటికే కాయితం మీద రాసుంది. అయినా పోయి ముట్టుకుంటే గాని అందరిది కాలేదు. కర్ల్ కూడా ఆ పేరుతో బయటికొచ్చింది మార్చి 20ననే, 1998లో. తారీఖులు కలవడం ఊరికే జరిగింది. కానీ తెరిచి ఉందని రాసినంత మాత్రాన ఏదీ తెరుచుకోదన్న సంగతి ఊరికే జరిగింది కాదు.

కాబట్టి సార్లూ, శనివారం ఉపన్యాసాలు చాలు. బడిలో సాయంత్రం ఎనిమిది దాకా తెరిచుండే కంప్యూటరు గది ఇయ్యండి. అతుకు వేసే పని నేర్చుకునే పిల్లకు నెలనెలా ఉపకార వేతనం ఇయ్యండి. ఆ లైబ్రరీల మీద సంపాదించే మీ కంపెనీలు అది భరించలేనివి కావు. మా విద్యార్థులకు చెప్పేది ఒకటే. కోడులో చేసిన ప్రతి మార్పు పక్కన చేసినవారి పేరు నిలుస్తుంది. మా తాత కుట్టిన ఏ తొండం మీదా ఆయన పేరు లేదు. మీరు మారుపేరు పెట్టుకోకండి. ఇంటిపేరుతో సహా, పూర్తి పేరు రాయండి.