వేసవి సెలవులలో పద్యనాటకం



2006 నాటి చట్టం తమిళనాట పాఠశాలల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన పిమ్మట, ధర్మపురి ప్రాంతపు తెలుగు పిల్లలు పలువురికి తెలుగు ఇంటిమాటగానే మిగిలింది. ఆ మాటకు వేసవిలో రంగస్థలం కల్పించండి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక కుటుంబాలలో పిల్లలు వేదికపైనే పద్యమూ అభినయమూ నేర్చారు. మనం సెలవులలో ఒక్క ఘట్టమైనా సాధన చేయించగలం. మొదట పదవిభాగం, అర్థం, పిదప ఉచ్చారణ, చివర శ్రుతి, రాగం, అభినయం. సంభాషణలను తమిళ లిపిలో రాసివ్వకండి. అందులో క, గ భేదం కనబడదు. తెలుగులోనే చదివించండి.

ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయం ప్రవేశానికి అభినయ పరీక్ష జరుపుతుంది. అటువంటి చోటికి వెళ్ళదలచిన బిడ్డకు ఈ సాధన తొలిమెట్టు; వెళ్ళని బిడ్డకూ చదవగలిగిన తెలుగు దక్కుతుంది.