చాట ఆమెది, మైకు ఆయనది

బీడీ కార్ఖానాల చాట ముంగటేసుకొని కూసునేది ఆడోళ్లు. అంగన్‌వాడీల పిల్లలకు అన్నం పెట్టేది ఆడోళ్లు. గర్భిణిని దవాఖానకు తోల్కపోయే ఆశా ఆడమనిషే. మరి వీళ్ల సంఘం మీటింగుకు పోయి చూడుండ్రి. కింద జంఖానా మీద నిండుగ ఆడోళ్లు, పైన కుర్సీలల్ల ఎక్కువ మంది మగోళ్లు. ఇది ఒక్క జెండా కథ కాదు, అన్ని జెండాల కింద నేను చూసిన కథ.

ఆడ లీడర్లు అసలే లేరంటలేను. అంగన్‌వాడీల సంఘంల పనిచేసి పైకొచ్చిన కె. హేమలత 2016ల సీఐటీయూ జాతీయ అధ్యక్షురాలయ్యింది. కానీ ఢిల్లీల ఒక్కరు ఎక్కితే మండలంల కుర్సీ మారినట్టు కాదు గదా.

"ఎవరు లీడరైతే ఏంది, పని అయితే సాలు" అనేటోళ్లకు మున్నార్ ముచ్చట చెప్తా.

2015 సెప్టెంబర్. కేరళల ఇడుక్కి జిల్లా, మున్నార్. అక్కడి కన్నన్ దేవన్ తేయాకు తోటల కంపెనీ 20 శాతం ఉన్న బోనస్‌ను 10 శాతానికి దించింది. ఆ తోటలల్ల ఆకు తెంపేది ఆడోళ్లు. చానా మంది తరాల కింద తమిళనాడు నుంచి వచ్చిన దళిత కుటుంబాలోళ్లు. యూనియన్లు లేవా అంటే, సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ మూడూ ఉన్నయ్. అయినా వేల మంది ఆడోళ్లు జెండాలన్నీ పక్కకు పెట్టి రోడ్డు మీద బైఠాయించిండ్రు. యూనియన్ లీడర్లను దగ్గరికి సుత రానియ్యలే. లీడర్లు కంపెనీతోని కుమ్మక్కైండ్రన్నది వాళ్ల ఆరోపణ. తొమ్మిది రోజులు కొట్లాడి 20 శాతం మళ్ల తెచ్చుకున్నరు. తమ గుంపుకు 'పెంబిళై ఒరుమై' అని పేరు పెట్టుకున్నరు, అంటే ఆడోళ్ల ఐక్యత అన్నట్టు.

అసలు పాఠం ఆ తర్వాత ఉన్నది. రోజు కూలి 232 రూపాయలుండె, 500 చెయ్యమన్నరు. కూలి తేల్చే కమిటీల మాత్రం పాత యూనియన్లే కూసున్నయ్, వీళ్లకు జాగ ఇయ్యలే. ఆఖరికి కూలి 301 కాడ ఆగింది. తర్వాత వాళ్లల్ల వాళ్లకు చీలికలూ వచ్చినయ్. రోడ్డు మీద గెలిచినా, ఫైసల్ చేసే బల్ల కాడ కుర్సీ లేకపోతే ఇట్లనే ఉంటది.

ఇగ చట్టం దిక్కు చూద్దాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం షేర్ మార్కెట్ల ఉన్న కంపెనీ బోర్డుల ఒక్క ఆడ డైరెక్టరన్నా ఉండాలె. మన పంచాయతీలల్ల సగం సీట్లు ఆడోళ్లవే. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 20 మందికి తక్కువ కాకుండ వర్కర్లున్న కాడ ఫిర్యాదుల కమిటీ పెట్టాలె. వర్కర్లల్ల ఆడోళ్లు ఎంత శాతముంటే, ఆ కమిటీల అంతకు తగ్గకుండ ఆడోళ్లుండాలె. యూనియన్ కమిటీకి మాత్రం చట్టంల ఇసోంటి లెక్క లేదు. సర్కారు సంఘం లోపల వేలు పెట్టద్దు, నిజమే. మరి సమానత్వం అని నినాదమిచ్చే సంఘం ఆ లెక్క తనకు తానే ఎందుకు పెట్టుకోదు?

"ఆడోళ్లకు తీరది, రాత్రి మీటింగులకు రారు" అంటరు. ఎనిమిది గొట్టంగ మీటింగు పెడితే ఎట్లొస్తరు? పొయ్యి మీద కూర ఎవరు చూడాలె? పనికాన్నే మాపటీలి పెట్టుండ్రి, బస్ కిరాయి ఇయ్యుండ్రి. తీరది అనేటోళ్లు ఆంధ్రల అంగన్‌వాడీ అక్కలను యాది చేసుకోవాలె. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేసిండ్రు. ఎస్మా పెట్టినా కదల్లే.

ఉత్త కుర్సీ ఇస్తే సుత సరిపోదు. సర్పంచ్ ఆమె అయితే పంచాయతీల కూసునేది ఆమె పెనిమిటి, ఊర్లల్ల చూస్తలేమా? అందుకే నేను అడిగేది నాలుగు ముచ్చట్లు. సభ్యులల్ల ఆడోళ్లు ఎంతమందో, కమిటీల అంత వంతు ఉండాలె. ఉపాధ్యక్ష పదవి చేతుల పెట్టి పక్కకు జరపద్దు, అధ్యక్ష, కార్యదర్శి పదవులల్ల ఒక్కటన్నా ఆడమనిషికి ఉండాలె. బ్యాంకు చెక్కు మీద ఆమె సంతకముండాలె. మాలిక్‌తోని, అధికారితోని మాట్లాడబోయే జట్టుల సగం ఆడోళ్లుండాలె. ఆ ఆడోళ్లల్ల దళిత, ఆదివాసీ, మైనార్టీ అక్కలెంతమందో సుత లెక్క చూడాలె. లేకపోతే మగ పెద్దమనిషి పోయి ఆడ పెద్దమనిషి వస్తది, అంతే.

ఇది మగోళ్లను తీసిపారేసుడు కాదు. ఎండల పొద్దంత నిలబడి మూత్రం ఆపుకునే మనిషి చర్చకు పోతే బాత్రూం ముచ్చట ముందుగాల వస్తది. కడుపుతోని ఉండి పనిచేసిన మనిషి పోతే ప్రసవం సెలవు ముచ్చట మర్వది. పోయేటోళ్లు మారితే డిమాండ్ల కాయితం సుత మారుతది.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీ అమ్మనో, అక్కనో ఏదో ఒక సంఘంల ఉండే ఉంటది. సభ్యత్వం రసీదు ఎవరి పేరు మీదున్నదో, కమిటీల ఎవరి పేర్లున్నయో ఒక్కపారి అడిగి చూడుండ్రి. ఈ రెండు లిస్టులు పక్కపక్కన పెట్టి, వచ్చే మహాసభల ఆమెతోనే సవాల్ అడిగించుండ్రి.