బోర్డు ఎవరి కోసం? కార్మికుడి కోసమా, ఇన్‌స్పెక్టరు కోసమా?



జిగణి పారిశ్రామికవాడలో గేటు దాటగానే గోడ మీద ఇంగ్లీషులో "సేఫ్టీ ఫస్ట్" అని కనిపిస్తుంది. తనిఖీ ఉందని కబురందితే మరో నాలుగు బోర్డులు వేలాడతాయి. వీటిని ఎంచేది ఎవరు? ఆఫీసులో కూర్చున్న పర్చేజి గుమస్తా. ఏది చవకైతే అది తెప్పిస్తాడు. ఏ మిషను దగ్గర ఏ ప్రమాదం పొంచి ఉందో తెలిసిన కార్మికుణ్ణి అడిగే నాథుడు లేడు.

మేమూ బ్లోరూములో దూది దుమ్ము మింగి వచ్చినవాళ్లమే. ఒక మిల్లులో అనంతపురం వైపు నుండి వచ్చిన కుర్రవాడు ఇరుక్కున్న దూదిని లాగబోయి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. హెచ్చరిక బోర్డు ఉంది. కాని మూటల చాటున ఉంది, ఇంగ్లీషులో ఉంది. మేము అడగబోతే వచ్చిన జవాబు: "బోర్డు పెట్టాం కదా! చదవకపోతే మేమేం చేస్తాం?" వేళ్లు తీసింది మిషను, తప్పు మాత్రం కార్మికుడిది! కార్మికుణ్ణి కాపాడవలసిన బోర్డును యాజమాన్యం తనను కాపాడుకోవడానికి వాడుతోంది. దీన్ని మేము ఖండిస్తున్నాం.

ఇది కొత్త కథ కాదు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలమందిని బలిగొన్న తర్వాత, ఆ ఫ్యాక్టరీలో భద్రతా సూచనలు ఇంగ్లీషులో ఉండేవనీ, చాలామంది కార్మికులకు హిందీ మాత్రమే వచ్చుననీ పత్రికలు రాశాయి. గ్యాసు ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని కూడా అప్పటికే ఆపేశారు. బోర్డూ అర్థం కాదు, రక్షణ యంత్రమూ నడవదు!

1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షను నోటీసులు ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో, చదవడానికి వీలుగా ఉండాలన్నది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో కొత్త భద్రతా కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినంత మాత్రాన కార్మికుడి భాష మారలేదు.

"ఇన్ని భాషల్లో ఎక్కడ రాయిస్తాం?" అంటారు. జీతం కోత నోటీసు అందరికీ అర్థమయ్యేట్టు వేయగలిగినవారికి ఇది చేతగాదా? పైగా సగం పని బొమ్మే చేస్తుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 9457 ఉన్నది ఇందుకే. ఎర్ర వలయం, అడ్డగీత ఉంటే చేయరాదు. నీలి వృత్తం ఉంటే తప్పక చేయాలి. పసుపు త్రికోణం హెచ్చరిక. ఆకుపచ్చ పలక బయటికి దారి, ప్రథమ చికిత్స. పది మీటర్ల దూరం నుండి కనబడాలంటే బోర్డు జానెడు పొడవు, జానెడు వెడల్పుకు తగ్గరాదు. కరెంటు పోయినా మెరిసే బయటిదారి బోర్డులు బజారులో దొరుకుతున్నాయి.

మన తప్పూ ఒప్పుకుందాం. బోర్డు మీద టవలు ఆరేసేదీ మనమే, ప్రొడక్షను తొందరలో మూత తీసి మిషను నడిపేదీ మనమే. ఆ తొందర పెట్టేది ఎవరో కూడా మనకు తెలుసు.

మా డిమాండ్లు:

1. ఆర్డరు ఇచ్చే ముందు కార్మిక ప్రతినిధులు షెడ్డు షెడ్డూ తిరిగి, మిషను వారీగా జాబితా రాయాలి. ఆ జాబితా ప్రకారమే కొనాలి.

2. ప్రమాణానికి తగిన రంగు, ఆకారం, బొమ్మ ఉండాలి. కింద కన్నడం, ఆపై ఆ షెడ్డులో ఉన్నవారిని బట్టి తెలుగు, హిందీ, ఒడియా రాయాలి. కన్నడిగుడూ మనవాడే, ఒడిశా సోదరుడూ మనవాడే.

3. బోర్డు మిషను ముందు, కంటి ఎత్తులో ఉండాలి. మాసినా, వెలిసినా మార్చాలి.

4. కొత్తగా చేరినవారికి మొదటి రోజే ప్రతి బోర్డూ చూపించి వివరించాలి.

5. బోర్డు గార్డుకు బదులు కాదు. బీటరు మూత తెరిస్తే మిషను ఆగిపోయే ఇంటర్‌లాక్ పెట్టాలి.

ఈ వారమే మీ షెడ్డులో బోర్డులు లెక్కపెట్టండి. మీకు అర్థం కానివీ, ఉండవలసిన చోట లేనివీ రాసి యూనియను ఆఫీసుకు తెచ్చివ్వండి. జాబితా చేతపట్టుకుని అందరం కలిసి మేనేజిమెంటు ముందుకు వెళదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!