అశ్వదళమును వీడినవారి మార్ఫా

కొలది దినముల క్రిందట మా పుప్పాలగూడలో ఒక పెండ్లి ఊరేగింపునకు మార్ఫా మేళమువారు వచ్చిరి. గాజుమేడల నడుమ ఆ మ్రోత విని నా ప్రక్కనున్న పెద్దమనిషి, “ఏమి యీ రొద! యంత్రమున పాటలు పెట్టిన చాలదా?” యని విసుగుకొనెను. (అంతకుమున్ను ఆ రొదకే ఆయనయు చిందులు వేసెను, అది వేరు సంగతి.)

నిజాము ప్రభువునకు ఆఫ్రికా సంతతివారగు సిద్దీల అశ్వదళ మొకటి యుండెడిది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అను పేటకు దానివలననే ఆ పేరు వచ్చినది. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరిన పిదప ఆ దళము రద్దయ్యెను. గుఱ్ఱము పోయెను, జీతము పోయెను, మార్ఫా మిగిలెను. కొలువులో నుండగా ఉత్సవములందు మ్రోగించిన వాద్యమే పలు కుటుంబములకు కూడు పెట్టినది. నేటి వాద్యకారులలో వారి మనుమలు కలరు.

యంత్రము పాడును గాని చూడజాలదు. మార్ఫా వాయించువాడు ఆటగాని పాదములను కనిపెట్టి లయను హెచ్చించును, అలసట గని తగ్గించును; ఒకడు తడబడిన ప్రక్కవాడు అందుకొనును. ఇది దళమునుండి వచ్చిన కూడికయే యని నాకు తోచును.

ఇట్టివారికి సన్మానపత్రములకంటె ముందు, మాటాడుకొన్న సొమ్ము చేతిలో పడవలెనని నా అభిప్రాయము. ఆ రాత్రి మేళము ముగిసినపిమ్మట పెండ్లివారు బేరము మొదలిడిరి. మేళములోని ముసలివాడు బదులు పలుకక తన మార్ఫాకు గుడ్డ చుట్టుకొనుచుండెను.