తూటాకు అనుమతి ఉంది, లెక్క లేదు

మెదక్ జిల్లాలో ఎల్దుర్తి, నర్సాపూర్ వైపు అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లలో మక్క కంకి పాలు పట్టే రోజులు వచ్చాయంటే రైతుకు కంటి మీద కునుకుండదు. పందుల మంద ఒక్క రాత్రి చేనులో దిగితే చాలు, అవి తినేదానికన్నా తొక్కి, విరిచి, పెకిలించి పాడుచేసేదే ఎక్కువ. అందుకే ఏ సభ పెట్టినా రైతులు అడిగేది ఒక్కటే: కాల్చనివ్వండి. నాయకులు చెప్పేదీ ఒక్కటే: అనుమతి తెప్పిస్తాం. చిత్రమేమంటే ఆ అనుమతి చట్టంలో ఎప్పటినుంచో ఉంది. మనుషుల ప్రాణాలకే కాదు, చేనులో నిలిచిన పంటకు ముప్పు తెచ్చినా అడవి పందిని చంపించే అధికారాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగికి కట్టబెట్టింది. కారణాలు చూపుతూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. తెలంగాణలో షూటర్లను పెట్టి పందులను కాల్పించిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి కొరత అనుమతికి కాదు. ఏ నెలలో కాల్చాలి, ఎన్నింటిని కాల్చాలి, ఆడవాటినా మగవాటినా, కాల్చాక ఎవరికి ఎంతసేపట్లో చెప్పాలి అనే నియమాలకు కొరత. వేట మీద మన దగ్గర జరిగే చర్చ చంపాలా వద్దా అన్న చోటే ఆగిపోతోంది కనుక ఈ ప్రశ్నల దాకా ఎవరూ రావడం లేదు.

నిజానికి సీజను, లైసెన్సు, పరిమితి మనకు తెలియని విదేశీ వ్యవహారాలేం కావు. 1972 చట్టం మొదటి రూపంలో వేటను పూర్తిగా నిషేధించలేదు. ప్రత్యేక వేట, పెద్ద వేట, చిన్న వేట అంటూ వేర్వేరు లైసెన్సులు పెట్టింది. లైసెన్సు పొందినవాడు తాను చంపిన, పట్టిన జంతువుల వివరాలు రాసి ఉంచాలని 10వ సెక్షన్ చెప్పింది. పిల్లలనూ ఆడ జంతువులనూ వేటాడొద్దని కట్టడి చేసింది. సంవత్సరంలో కొంతకాలమో, మొత్తంగానో వేటను మూసివేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కాగితం మీద చూస్తే ఇది అమెరికాలోని ఏ రాష్ట్రానికీ తీసిపోని ఏర్పాటు. అయితే దాని వెనకున్నది షికారు లోకం. ఇదే మెదక్ ప్రాంతంలో 1952లో అభయారణ్యంగా మారిన పోచారం అడవి అంతకుముందు నిజాం వేటకు కేటాయించిన చోటు. దొరలకు అడవి వేడుక, పిట్టలోళ్లకూ నీర్‌షికారీలకూ అదే కూటికి దారి. లైసెన్సు మొదటివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది, రెండోవాళ్లను దొంగలుగా నిలబెట్టింది. పైగా అడవిలో ఎన్ని జంతువులున్నాయో తెలియకుండా ఇచ్చే లైసెన్సు వట్టి రుసుము రసీదు. 1991 సవరణ ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి ఈ ఏర్పాటంతటినీ ఎత్తివేసింది. అది సరైన పనే. కానీ లైసెన్సు పుస్తకంతో పాటు లెక్క రాసే పుస్తకమూ పోయింది. ఆ తర్వాత పంట కోసం 11వ సెక్షన్ కింద ఇస్తూ వచ్చిన అనుమతులకు అలాంటి పుస్తకమే లేదు.

లెక్క ఉంటే ఏమవుతుందో చూడాలంటే అమెరికా అడవి టర్కీ కోడి కథకు మించిన ఉదాహరణ దొరకదు. అడవులు నరికివేయడం, మాంసం అమ్ముకునేవాళ్ల విచ్చలవిడి వేట కలిసి 1930ల నాటికి ఆ పక్షుల సంఖ్యను రెండు లక్షల దాకా పడదోశాయి. ఈ శతాబ్దం తొలి దశాబ్దానికి అవి దాదాపు 70 లక్షలయ్యాయి. ఇందుకు డబ్బు వేటగాళ్ల జేబులోంచే వచ్చింది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద అప్పటికే ఉన్న పన్ను సొమ్మును వన్యప్రాణుల పనికే కేటాయించింది. పెంపకపు పక్షులను అడవిలో వదిలిన ప్రయోగాలు విఫలమైతే, అడవి పక్షులనే వలలతో పట్టి, అవి అంతరించిన చోట్లకు తరలించారు. నియమాలు పక్షి జీవితాన్ని చూసి రాసినవి. ఒక మగపక్షి అనేక ఆడపక్షులతో జతకడుతుంది, పిల్లల భారమంతా ఆడదానిదే. కాబట్టి వసంతంలో, జతకట్టడం చాలావరకు ముగిసి ఆడపక్షులు గూళ్లు చేరే వేళ, ఛాతీ నుంచి గడ్డంలా వేలాడే ఈకలున్న పక్షినే కొట్టమంటారు. ఆ గడ్డం సాధారణంగా మగదానికే ఉంటుంది. మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్‌లో, తూర్పు వైపు కౌంటీల్లో సీజను మొత్తానికి ఒక్క మగపక్షికే అనుమతి, దాన్నీ 24 గంటల్లో నమోదు చేయించాలి. ఇటీవల ఆగ్నేయ రాష్ట్రాల్లో సంఖ్య తగ్గుతోందని తేలగానే టెనెసీ వసంత సీజనును రెండు వారాలు వెనక్కి జరిపి, మూడు పక్షుల పరిమితిని రెండుకు కుదించింది. ఏటా చేతికొచ్చే లెక్క ఉన్నందుకే అది సాధ్యమైంది.

ఈ పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకోమనడం తెలివితక్కువ. టర్కీ నియమాలు తగ్గిన సంఖ్యను పెంచడానికి పుట్టాయి. మన మక్క చేలల్లో కావలసింది పెరిగిన సంఖ్యను అదుపు చేయడం. ఇక్కడే ఒక సంగతి ఎవరి దృష్టికీ రావడం లేదు. ఆడ పంది నాలుగు నెలల్లోపు ఈని, ఒక్కో ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లలను పెడుతుంది. మంద నుంచి పెద్ద మగ పందులను ఎన్నింటిని తీసినా మిగిలిన మగవి ఆ లోటు పూడ్చేస్తాయి, వచ్చే ఏటి సంఖ్య కదలదు. రాత్రిపూట తుపాకీ పట్టి కూర్చున్నవాడికి ముందు కనబడేదీ, గురి కుదిరేదీ, కొట్టానని చెప్పుకోవడానికి బాగుండేదీ ఆ పెద్ద మగదే. అంటే ఇప్పటి పద్ధతిలో తూటా ఖర్చవుతుంది, ఫోటో వస్తుంది, చేనుకు ఒరిగేది శూన్యం. పంట కాపాడాలన్నదే ఉద్దేశమైతే టర్కీ నియమాన్ని తలకిందులు చేయాలి. ఈనే కాలానికి ముందు, ఆడవాటిని, ఎదిగీ ఎదగని వాటిని లక్ష్యం చేయాలి. అది కూడా ఎల్దుర్తి చుట్టూ ఈత ఏ నెలల్లో ఎక్కువో నమోదయ్యాకే నిర్ణయించగల విషయం. వినడానికి కటువుగా ఉన్న మాట నిజమే. కటువుతనానికి జడిసి మగవాటిని కొట్టుకుంటూ పోవడం మాత్రం ప్రయోజనం లేని చావులను ఏటేటా కొనసాగించడమే అవుతుంది.

లెక్కలేని అనుమతి ఎక్కడికి దారితీస్తుందో ఇప్పటికే చూశాం. చట్టంలోని 62వ సెక్షన్ కింద కేంద్రం 2015 చివర్లో బిహార్‌లో నీల్‌గాయ్, అడవి పందులను, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవి పందులను, హిమాచల్ ప్రదేశ్‌లో కోతులను నిర్ణీత ప్రాంతాల్లో ఏడాది కాలానికి హానికర జంతువులుగా ప్రకటించింది. బిహార్‌లోని మొకామాలో 2016 జూన్‌లో కొన్ని రోజుల్లోనే రెండు వందలకు పైగా నీల్‌గాయ్‌లను కాల్చారు. కాల్చినవాళ్లు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లే. ఢిల్లీలో ఇద్దరు కేంద్ర మంత్రులు దీని మీద బాహాటంగా మాటలు విసురుకున్నారు. ఆ గొడవ అందరికీ గుర్తుంది. ఆ తర్వాతి సీజన్లలో మొకామా రైతు పంట ఎంత మిగిలిందన్నది మాత్రం చర్చకు రాలేదు. హిమాచల్‌లో దీనికి వ్యతిరేకం. కోతిని చంపితే డబ్బిస్తామన్నా ముందుకొచ్చినవాళ్లు అతి తక్కువ. అక్కడ ఉత్తర్వు పిట్టల దొర చెక్క తుపాకీలాగే మిగిలింది. కేరళ అడవి పందుల కోసం అదే ప్రకటన కోరి, కేంద్రం ఒప్పుకోకపోవడంతో, 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి అనుమతి అధికారాన్ని ఊరి దాకా తెచ్చింది. ఈ మూడింటిలో నాకు కేరళ దారే మెరుగనిపిస్తుంది. రాజధానిలో కూర్చున్న అధికారి ఉత్తర్వు వచ్చేసరికి మక్క కోత అయిపోతుంది. అయితే అధికారం ఊరికి దిగినప్పుడు రిజిస్టరు కూడా దానితో పాటు దిగాలి.

అసలు చంపడమే తప్పనేవాళ్లు చెప్పేదాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పందులు పొలాల మీద పడటానికి అడవులు తరగడం, గుట్టలు కరిగిపోవడం కారణం. మెదక్ అడవుల్లో తిరిగే చిరుతకు పందిపిల్లలు ఆహారం, అవి లేకపోతే అది మేకల మీదికే వస్తుంది. సోలార్ కంచె చంపకుండా కాపాడుతుంది. ఇవన్నీ ఒప్పుకోదగ్గవే. కానీ ఈ వాదన ఒకటి తప్పించుకుంటోంది: చంపడం ఇప్పుడు కూడా జరుగుతూనే ఉంది. ఉచ్చులు, నాటు బాంబులు, స్తంభం నుంచి నేరుగా లాగిన కరెంటు తీగలు ఏ ఉత్తర్వూ అడగవు. పందికి పెట్టిన తీగ పంది కోసమే కాచుకోదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన రైతులే తీగ తగిలి చనిపోవడం తెలంగాణ పత్రికల్లో కొత్త వార్త కాదు. 2025 మేలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవుల్లో ఒక ఆడపులి కరెంటు ఉచ్చుకే బలైంది. కాబట్టి ఎంచుకోవలసింది చంపడానికీ చంపకపోవడానికీ మధ్య కాదు. కంటికి కనబడే, నమోదయ్యే చావుకూ చీకట్లో జరిగే చావుకూ మధ్య. చట్టంలో ఉన్న అనుమతి వేళకు చేతికి రానంత కాలం తీగ చౌక. సోలార్ కంచె రాయితీ అందరికీ అందిననాడు ఈ వాదనలో సగం అవసరం ఉండదు, సంతోషమే.

రైతుల అభ్యంతరం ఇంకో రకం. చేను పోతుంటే సీజను లెక్కలేంటి, రిజిస్టరేంటి అంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ పంటకూ ఓ క్యాలెండరుంది, పంది దాన్ని మనకన్నా బాగా పాటిస్తుంది. మక్కకు కంకి దశ, వరికి గింజ పాలు పోసుకునే దశ, పల్లికి ఊడలు దిగిన తర్వాత. ఆ వారాలకు అత్యవసర అనుమతి ఇరవై నాలుగు గంటల్లో, మండలంలోనే దొరకాలి. సంఖ్య తగ్గించే పని పంట లేని నెలల్లో, అధికారుల సమక్షంలో జరగాలి. రెండూ వేర్వేరు పనులు, రెండింటికీ ఒకే ఉత్తర్వు వాడటం వల్లే రెండూ చెడుతున్నాయి. ఇక తుపాకీ ఎవరి చేతిలో ఉండాలి? పంట రక్షణకు మందు కూరే తుపాకీ లైసెన్సు ఇవ్వడాన్ని 1959 ఆయుధాల చట్టం గుర్తించింది. ఆ దారిన తుపాకులు ఊరూరా పెరగడం నాకు ఇష్టం లేదు. పంది పేరు చెప్పి దుప్పిని కొట్టేవాళ్లు ఉండరనుకోవడం అమాయకత్వం. పేర్లు ముందే ప్రకటించిన కొద్దిమంది షూటర్లు, ఒక్కో జంతువుకు ఒక్కో నంబరు చీటీ, దాని లింగం, వయసు, చోటు అదే రోజు ఫారెస్టు బీటు ఆఫీసులో నమోదు, ఆ చిట్టా గ్రామ పంచాయతీ గోడ మీద. ఇంతకన్నా పెద్ద యంత్రాంగం అక్కర్లేదు.

మాంసం గురించి కూడా తేల్చి చెప్పాలి. చంపిన పందిని పూడ్చిపెట్టడం వృథా అనీ, అమ్ముకోనిస్తే రైతుకు నాలుగు డబ్బులొస్తాయనీ కొందరంటారు. 11వ సెక్షన్ కింద చంపిన పంది కళేబరం 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి, ఆ నియమాన్ని మార్చకూడదు. టర్కీని నాశనం చేసింది పళ్లెంలో మాంసం కాదు, బజారులో మాంసం. అక్రమంగా కొట్టిన వేట మాంసం రాష్ట్రాల సరిహద్దులు దాటకుండా 1900లోనే లేసీ చట్టం తేవలసి వచ్చింది. అమెరికాలో ఈనాటికీ వేటాడిన అడవి టర్కీని ఇంటికి తీసుకెళ్లి వండుకోవచ్చు, అమ్మకూడదు. మాంసానికి ధర పెట్టిన మరునాడే పంది పంట నష్టం నుంచి సరుకుగా మారిపోతుంది, దాని సంఖ్య తగ్గకూడదని కోరుకునేవాళ్లు పుట్టుకొస్తారు.

ఇదంతా పందికి సరిపోతుంది గానీ నెమలికి సరిపోదు. విత్తనం వేసిన మడిలో, టమాట తోటలో నెమళ్లు చేసే నష్టం మెదక్ రైతుకు తెలుసు. కానీ అది 1963 నుంచి జాతీయ పక్షి, చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని జబ్బు పడితేనో తప్ప మొదటి షెడ్యూలు జీవిని చంపనివ్వరు, పంట నష్టం అందుకు కారణంగా చెల్లదు. దాన్ని ఆ షెడ్యూలు నుంచి తీయమని ఎవరూ అడగరు, అడగాలని నేనూ అనను. అక్కడ మిగిలింది పరిహారమే. వన్యప్రాణుల వల్ల కలిగే పంట నష్టాన్ని 2026 వానాకాలం నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో నమోదు చేయాలంది. పరిహారం సంగతి అటుంచి, ఏ ఊళ్లో ఏ జంతువు ఏ వారంలో ఏ పంట మీద పడిందో చెప్పే మొదటి రికార్డు దీంతోనే తయారవుతుంది. అయితే తెలంగాణ 2020లోనే ఆ పథకం నుంచి బయటికి వచ్చింది. ఎల్దుర్తిలో నెమళ్లు తిన్న టమాటకు ఆ యాప్‌లో చోటుండాలంటే ముందు తెలంగాణలో ఆ పథకం మళ్లీ అమలు కావాలి.