మీనా నగలో బరువెంత, బంగారమెంత? సిద్దిపేట కుటుంబాలు అడగాల్సిన లెక్క

సిద్దిపేటలో నికాహ్ ఖాయమైన ఇంట్లో నగల మాట వస్తే కొనుగోలు రెండు చోట్లకు పోతుంది. గాజులు, కమ్మలు, ఉంగరాలు చాలావరకు ఊళ్లోనే అయిపోతాయి. జడావీ సెట్టు, సత్‌లడ, మీనా పని ఉన్న చాంద్‌బాలీలు కావాలంటే మాత్రం చాలామంది రాజీవ్ రహదారి పట్టి, వంద కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాద్ పాతబస్తీకి పోతారు. పత్తర్‌గట్టి, చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ దుకాణాల్లో దొరికే ఈ నగలకు అందం ఎక్కువ. లెక్క మాత్రం తికమకగా ఉంటుంది.

ఇప్పుడు ఆ తికమక ఖరీదు బాగా పెరిగింది. 2025 ఏప్రిల్‌లో 24 క్యారెట్ల బంగారం 10 గ్రాముల ధర మొదటిసారి లక్ష రూపాయలు దాటింది. అదే ఏడాది అక్టోబరుకు 1.30 లక్షల దాకా పోయింది. షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబరులో 51 వేల రూపాయలతో మొదలైనప్పుడు 10 గ్రాముల ధర 30 వేల లోపే ఉండేది. 2018లో సాయాన్ని 1,00,116 రూపాయలకు పెంచినప్పుడు ఆ డబ్బుకు దాదాపు మూడు తులాలు వచ్చేవి. ఇప్పుడు ఒక్క తులం కూడా రావడం లేదు. ఇలాంటి రోజుల్లో రంగును, లక్కను, రాళ్లను బంగారం ధరకు తూచి కొనడం మామూలు కుటుంబం భరించగలిగే నష్టం కాదు.

మీనా అంటే గాజు పొడి

మీనా చూడటానికి పెయింట్‌లా ఉంటుంది గానీ పెయింట్ కాదు. లోహపు ఆక్సైడ్లు కలిపి రంగు తెచ్చిన గాజును మెత్తగా నూరి, బంగారం మీద చెక్కిన గుంటల్లో నింపి కొలిమిలో కాలుస్తారు. గాజు కరిగి బంగారానికి అతుక్కుంటుంది. ఎక్కువ వేడి తట్టుకునే తెలుపు లాంటి రంగులు ముందు, వేడికి తొందరగా పాడయ్యే ఎరుపు చివరన వేస్తారు. అందుకే ఒక నగ పలుమార్లు కొలిమిలోకి పోయి వస్తుంది. పదహారో శతాబ్దం చివర్లో రాజా మాన్‌సింగ్ లాహోర్ నుంచి మీనాకార్లను ఆమేర్‌కు రప్పించారని, జైపూర్ పేరు అక్కడి నుంచే మొదలైందని చెబుతారు. దక్కన్‌లోనూ ఈ పని బాగా సాగింది. పాత హైదరాబాదీ నగను తిప్పి చూస్తే ముందువైపు కుందన్ రాళ్లు, వెనకవైపు ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు పూల మీనా కనిపిస్తాయి.

ఇప్పుడు బజారులో 'మీనా' పేరుతో అమ్మేవన్నీ ఇవి కావు. వన్ గ్రామ్ గోల్డ్ సెట్ల మీద ఎక్కువగా ఉండేది రెసిన్ రంగు. దానికి కొలిమి అవసరం లేదు. ధర తక్కువ కాబట్టి రోజువారీ వాడకానికి అది తప్పేమీ కాదు. అది వేసి అసలు మీనా ధర అడిగితేనే ఇబ్బంది. 'యాంటిక్' అనే మాట కూడా అంతే. దుకాణంలో యాంటిక్ అంటే పాత నగ కాదు, మెరుపు తగ్గించి పాతదానిలా కనిపించేట్టు చేసిన కొత్త నగ.

కొనేటప్పుడు ఒక తూకం, అమ్మేటప్పుడు ఇంకో తూకం

ఒక ఉదాహరణ చూద్దాం. 40 గ్రాముల జడావీ హారంలో రాళ్లు, లోపల నింపిన లక్క, మీనా కలిపి 12 గ్రాములు అనుకుందాం. అసలు బంగారం 28 గ్రాములే. గ్రాము 12 వేల చొప్పున మొత్తం బరువుకు బిల్లు వేస్తే 1,44,000 రూపాయలు బంగారం కాని వస్తువుకు కట్టినట్టే. దాని మీద మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ అదనం.

అదే హారం నాలుగేళ్ల తర్వాత ఆసుపత్రి ఖర్చుకో, ఫీజులకో అమ్మబోతే దుకాణదారు లక్క, రాళ్లు, మీనా అన్నీ తీసేసి నికర బంగారమే లెక్క కడతాడు. కొన్నప్పుడు బంగారమైన రంగు, అమ్మేటప్పుడు చెత్త అవుతుంది. నష్టం ఎక్కడో చివర్లో జరిగినట్టు కనిపిస్తుంది గానీ అది మొదటి బిల్లులోనే రాసి ఉంటుంది.

రాళ్లను విడిగా తూచవచ్చు. మీనా ఒకసారి కాలి అతుక్కున్నాక దాన్ని విడదీసి తూచడం కుదరదు. అందుకే ఆర్డర్ ఇచ్చి చేయించేవాళ్లు మీనా వేయక ముందు బరువు, వేశాక బరువు రెండూ రాసివ్వమని అడగాలి. తయారుగా ఉన్నది కొంటే బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు వేర్వేరుగా ఉండాలి.

హాల్‌మార్క్ ఎంతవరకు కాపాడుతుంది?

బంగారు నగలకు హాల్‌మార్క్ 2021 జూన్ 16 నుంచి దశలవారీగా, జిల్లాల వారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి. హాల్‌మార్క్ నగ బిల్లులో నికర బంగారం బరువు, స్వచ్ఛత విడిగా చూపించాలి. రాసినదానికన్నా స్వచ్ఛత తక్కువ తేలితే, ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కొనుగోలుదారుకు ఇవ్వాలని 2018 బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి.

ఇక్కడే ఒక ఖాళీ ఉంది. కుందన్, పోల్కీ, జడావీ నగలకు తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఇచ్చారు. లక్క, రాళ్లతో నిండిన నగను పరీక్షించడం కష్టం కాబట్టి ఈ మినహాయింపుకు అర్థముంది. ఫలితం మాత్రం ముస్లిం పెళ్లిళ్ల మీద ఎక్కువ పడుతుంది. ఇంటివాళ్లు ఎక్కువ డబ్బు పెట్టే నగకే ప్రభుత్వ ముద్ర తప్పనిసరి కాదు. అక్కడ ఆధారం బిల్లు ఒక్కటే. అలాగని మీనా వేసిన ప్రతి నగకూ మినహాయింపు లేదు. కుందన్ లేకుండా, బంగారం మీద మీనా మాత్రమే ఉన్న గాజుకో, లాకెట్‌కో "జడావీ కాబట్టి ముద్ర ఉండదు" అని చెబితే ఒప్పుకోవాల్సిన పని లేదు.

నికాహ్ రిజిస్టర్‌లో రాసే తూకం

విడాకుల తర్వాత నగలు ఎవరివన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు 2025 డిసెంబర్ 2న తీర్పు ఇచ్చింది. పశ్చిమ బెంగాల్ కేసులో, పెళ్లప్పుడు తండ్రి ఇచ్చిన 7 లక్షల రూపాయలు, 30 భరీల బంగారం విషయంలో ఆమెకు అనుకూలంగా చెప్పింది. విడాకులైన ముస్లిం మహిళల హక్కుల పరిరక్షణ చట్టం, 1986లోని మూడో సెక్షన్ ప్రకారం, పెళ్లికి ముందు గానీ పెళ్లప్పుడు గానీ బంధువులు, స్నేహితులు, భర్త, అత్తింటివాళ్లు ఇచ్చిన ఆస్తి ఆమెదే. ఆ కేసులో వాదన చాలావరకు నికాహ్ రిజిస్టర్‌లో ఏం రాశారన్నదాని చుట్టే తిరిగింది.

మన దగ్గర మెహర్ అయినా, నగల జాబితా అయినా "పది తులాలు" అని ఒక్క మాటలో రాసేస్తారు. అందులో రెండు చిక్కులున్నాయి. దుకాణంలో తులం అంటే ఇప్పుడు 10 గ్రాములు, పాత లెక్క తోలా 11.66 గ్రాములు. పది తులాల దగ్గర తేడా 16 గ్రాములు దాటుతుంది. రెండోది, ఆ పది తులాలు జడావీ బరువా, నికర బంగారమా అన్నది రాయరు. గ్రాముల్లో, నికర బరువుతో, క్యారెట్‌తో రాసి, బిల్లు నకలు, ఫొటో అమ్మాయి దగ్గర ఉంచితే రేపటి గొడవకు తావుండదు.

జకాత్ లెక్కలోనూ ఇదే తేడా వస్తుంది. హనఫీ మస్లక్‌లో వాడుకునే నగలకూ జకాత్ ఉంది. బంగారం నిసాబ్ ఏడున్నర పాత తోలాలు, అంటే 87.48 గ్రాములు. అందులోకి రాళ్లు, గాజు, లక్క రావు. నికర బరువు తెలియని ఇంట్లో జకాత్ ఎక్కువో తక్కువో అవుతుంది. సందేహం ఉన్నవాళ్లు తూకం చీటీతో ఆలిమ్ దగ్గరికి పోతే జవాబు స్పష్టంగా వస్తుంది.

నానమ్మ నగ కరిగించే ముందు

ధర పెరిగిన ప్రతిసారీ పాత నగలు బయటికి వస్తాయి. కొత్తదానికి మార్పిడి పెడితే పాత మీనా కొలిమిలో పోతుంది, దానికి పైసా రాదు. నిజాం కుటుంబ ట్రస్టుల 173 నగలను కేంద్రం 1995లో దాదాపు 218 కోట్లకు కొని, రిజర్వ్ బ్యాంకు భద్రతలో పెట్టింది. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టినప్పుడు హైదరాబాద్ జనం వాటిని చూశారు. ఆ నగలు కరగవు. అదే దక్కనీ పనితనం ఉన్న చిన్న నగలు ఇళ్లలో ఉన్నాయి, వాటికి మాత్రం జాబితా లేదు, కాపలా లేదు.

అమ్మక తప్పని పరిస్థితి వస్తే, కరిగించేవాళ్లతో పాటు పాత నగలను నగలుగానే కొనేవాళ్ల దగ్గర కూడా ధర అడగాలి. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కూతురికి పంపాలనుకునే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నగ మెడలో వేసుకున్నప్పుడు రంగే అందం. డబ్బు కట్టేటప్పుడు, రిజిస్టర్‌లో రాసేటప్పుడు, జకాత్ తీసేటప్పుడు మాత్రం నికర బరువే లెక్క. ఆ ఒక్క అంకె బిల్లు మీద రాయించుకోవడానికి కొనుగోలుదారుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.